బండ దగ్గర ఒక బెంచీ

ఇప్పటికి ఏడు అర్జీలు ఇచ్చాను. నేను అడిగిన దానికి ఒక్క జవాబు రాలేదు. అడగని వాటికి మాత్రం చాలా వచ్చాయి. నాకు ఎంత భూమి ఉందో, మా తాత పేరు ఏమిటో, అన్నదమ్ముల పంపకాలు ఎప్పుడు అయ్యాయో అన్నీ రాయించుకున్నారు. నేను అడిగింది ఒక బెంచీ. అది ఎక్కడ కావాలో, ఎవరికి కావాలో ప్రతి అర్జీలోనూ స్పష్టంగా రాశాను. చదవవలసిన వాళ్ళు చదవలేదు కాబట్టి ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

మా ఊరు మొయినాబాద్ మండలంలో, చిన్న మంగళారానికి దగ్గర. ఊరి వెనక అడవి ఉంది. అడవి అంటే ఆకాశం కనిపించని అడవి కాదు. తునికి, మోదుగ, సీతాఫలం చెట్లు, పరికి కంపలు, వాటి మధ్య ఎవరో తెచ్చి పెట్టినట్టు బండలు. లోపల ఒక కుంట ఉంది. వానలకు నిండితే చలికాలం దాటేదాకా నీళ్ళు నిలుస్తాయి. నా చిన్నప్పుడు దానికి కంచె లేదు. తర్వాత కంచె వచ్చింది, ఆ తర్వాత గేటు, ఆ తర్వాత టికెట్టు. ఇప్పుడు దాన్ని పార్కు అంటున్నారు. నడిచే బాటలకు అంకెలు వేశారు. కుంట పక్కన డేరాలు వేసుకోవడానికి నేల చదును చేశారు. శని, ఆదివారాలు పట్నం నుంచి కార్లు వరసగా వస్తాయి. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఉంటే అదీ రాసేవాణ్ణి.

కిందటి ఏడాది నా భార్య టమాట చేనులో డ్రిప్పు పైపు కాలికి తట్టుకుని పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక దవాఖాన నుంచి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"రోజు నడిపియ్యాలె. నొప్పి అంటది, అయినా నడిపియ్యాలె. పాపమని కూసోబెట్టిన్రంటే ఇగ ఆమె లేవదు," అన్నాడు.

నడిపించడం మొదలుపెట్టాను. ఆమె చేతికర్రతో పది నిమిషాలు నడవగలదు. ఆ తర్వాత కాసేపు కూర్చోవాలి. నేల మీద కూర్చోకూడదు. కూర్చుంటే ఇద్దరు మనుషులు లేపాలి. మోకాలెత్తున ఏదో ఒకటి ఉండాలి. కూర్చుని లేస్తే మళ్ళీ పది నిమిషాలు నడుస్తుంది. ఇంతే ఆమె లెక్క.

మా ఊరి రోడ్డు మీద నడక కుదరదు. రెండు వైపులా ఫాంహౌసుల గోడలు, మధ్యలో కార్లు, గోడల కింద కుక్కలు. పక్కకు తప్పుకుందామంటే మోరీ. అందుకని అడవిలోకి తీసుకుపోయాను. రెండో నంబరు బాట చదునుగా, మెత్తని మొరం మీద సాగుతుంది. గేటు నుంచి పెద్ద బండ దాకా ఆమె నడకలో పది నిమిషాలు. బండ దగ్గర ఒక సిమెంటు బెంచీ ఉండేది. అక్కడి నుంచి కుంటకు ఇంకో పది నిమిషాలు. కుంట దగ్గర కూర్చోవడానికి గట్టు ఉంది. ఎవరో ఆమెను నడిపించి, కొలిచి వేసినట్టు ఉండేది ఆ బెంచీ.

గేటు దాకా ఆటోలో పోయి, రెండు నెలలు ప్రతి ఉదయం నడిచాం. మొదట్లో బెంచీ మీద పావుగంట కూర్చునేది. తర్వాత తర్వాత నేను పక్కన కూర్చుని ఊపిరి తీసుకునేలోపే, "ఇగ పా, ఎండెక్కుతది," అని తనే లేచేది. కుంట దగ్గర గట్టు మీద కూర్చుని నీటికోళ్ళను చూసేది. అవి మునిగిన చోట కాకుండా ఇంకో చోట తేలతాయి. ఎక్కడ తేలతాయో ముందే చెప్పడం ఆమెకు ఆట. నేను ఎప్పుడూ తప్పే చెప్పేవాణ్ణి.

"నీకు నీళ్ళల్ల ఏం కనవడ్తది. నీ కండ్లన్నీ హద్దురాళ్ళ మీదనే ఉంటయి," అనేది.

ఒక ఉదయం వెళ్ళేసరికి బండ దగ్గర బెంచీ లేదు. దాని కాళ్ళు దిగిన చోట రెండు గుంతలు ఉన్నాయి. అక్కడ తిరిగే వాచ్‌మన్ మా పక్క ఊరివాడే, నాకు ఇరవై ఏళ్ళుగా తెలిసినవాడు. అతన్ని పిలిచాను.

"బెంచీ ఏమైందే?"

"కుంట కాడికి తీస్కపోయిన్రు పటేలా. డేరాల కాడ పెట్టిన్రు. పొద్దుగూకేటప్పుడు ఫోటోలు దిగుతరట."

"ఫోటోలు దిగేటోళ్ళకు నిలవడ చాతకాదా?"

"నన్నడిగితే నేనేం జెప్త. నన్ను గూడ రేపు ఏడ నిలవెడ్తరో నాకే ఎర్కలేదు."

ఆమె బండకు ఆనుకుని నిలబడింది. బండ వాలుగా ఉంటుంది, కూర్చోవడానికి కుదరదు. కొంచెం సేపు పళ్ళు బిగించి నిలబడి, కుంట వైపు చూసి, "పోదాం," అంది. ఏ వైపు అని నేను అడగలేదు. గేటు వైపు తిరిగింది. వెనక్కి రావడానికి ఆ పది నిమిషాల దూరం అరగంట పట్టింది. మధ్యలో నా భుజం మీద వాలిపోయింది.

మర్నాడు ఇంట్లోని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఆటోలో వేసుకుని, గేటు దగ్గర దిగి నెత్తిన పెట్టుకుని ఆమెతో నడిచాను. గేటు దగ్గర టికెట్లు ఇచ్చే మనిషి ఆపాడు. బయటి సామాను లోపలికి తేకూడదన్నాడు. అదే సమయంలో పట్నం నుంచి వచ్చిన నలుగురు పిల్లలు తలా ఒక మడత కుర్చీ భుజాన వేసుకుని లోపలికి పోతున్నారు.

"మరి వాళ్ళవి?"

"అది క్యాంపింగ్ సామాను సార్. డేరా బుకింగ్ ఉన్నోళ్ళకు ఎలౌడ్."

"వాళ్ళదీ కుర్చే, నాదీ కుర్చే."

"వాళ్ళది మడుస్తది సార్."

ఈ జవాబును నేను మరిచిపోలేదు, మరిచిపోను. అతను నవ్వుతూ కూడా చెప్పలేదు. నిజంగా అదే కారణం అన్నట్టు చెప్పాడు. ఆ పిల్లల్లో ఒక అమ్మాయి వెనక్కి వచ్చి, "అంకుల్, మాది ఒకటి ఎక్స్‌ట్రా ఉంది, ఆంటీకి తీస్కోండి. వెళ్ళేటప్పుడు ఇచ్చేయండి," అంది. నేను వద్దన్నాను. నాకు రావలసినదాన్ని ఒకరి దగ్గర అడుక్కోవడం ఎందుకు అనిపించింది. ఇంటికి వస్తుంటే నా భార్య, "తీస్కుంటే నీ సొమ్మేం బోతుండె. పిల్ల మంచిగ అడిగింది," అంది. నిజమే. ఆ రోజు నడక పోయింది.

మడత కుర్చీ కొన్నాను. అదీ ఆపారు, బుకింగ్ లేదట. వాచ్‌మన్ ఒకసారి చూసీ చూడనట్టు వదిలాడు, ఎవరో చెబితే అతనికి మాట పడింది. మళ్ళీ అతన్ని అడగలేదు. కొందరు చక్రాల కుర్చీ తీసుకోమన్నారు. డాక్టరు నడవమన్నాడు, తిప్పమనలేదు. చివరికి కుర్చీ లోపలికి పోవాలంటే డేరా కిరాయికి తీసుకోవాలి కనుక, ఒకసారి అదీ చేశాను. అరవై దాటిన ఇద్దరం, మా ఊరి అడవిలో, మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక నీలం రంగు డేరా తీసుకున్నాం. బండ దగ్గర కుర్చీ విప్పి ఆమెను కూర్చోబెట్టాను. తర్వాత కుంట దాకా నడిచింది. చాలా రోజుల తర్వాత చేరింది, గట్టు మీద కూర్చుంది. నీళ్ళు సగానికి తగ్గాయి. "కోళ్ళు తక్కువైనయి," అంది అంతే. పొద్దు గూకకముందే డేరా వదిలేసి ఇంటికి వచ్చాం.

ఇంకోసారి తీసుకుందామంటే ఆమె ఒప్పుకోలేదు. "కూసునేతందుకు డేరా కిరాయికి తీస్కున్నరని ఊర్ల తెలిస్తే నవ్వుతరు. జర బెంచీ అడుగరాదు. నువ్వు కాయితాలు రాసుట్ల మొనగానివి గద," అంది.

అందుకని అర్జీ రాశాను. ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. దాచి లాభం లేదు.

మా దగ్గర ఏ చోటు గురించి చెప్పాలన్నా సర్వే నంబరుతోనే చెబుతాం. బోరు ఎక్కడ వేశావంటే నంబరు, పెళ్ళి పందిరి ఎక్కడంటే నంబరు, మేక ఎక్కడ తప్పిపోయిందంటే కూడా నంబరే. పిల్లలకు ఎక్కాలు రాకపోయినా నంబర్లు వస్తాయి. నేనూ అలాగే, ఫలానా సర్వే నంబరు హద్దురాయికి తూర్పున ఉన్న పెద్ద బండ దగ్గర బెంచీ వేయాలని రాశాను. ఆ హద్దురాయి అవతల ఉన్నది మా చేనే. ఇంకా, ఎక్కడికి పోయినా అడుగుతారు కదా అని పట్టా పాసుపుస్తకం జిరాక్సు కూడా జతచేశాను. ఎవరూ అడగకముందే జతచేశాను.

పార్కు ఆఫీసులో గుమస్తా అర్జీ చేతిలోకి తీసుకున్నాడు. పై నుంచి వేలు జరుపుతూ వచ్చి నంబరు దగ్గర ఆపాడు. పాసుపుస్తకం కాగితం తిరగేశాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"ఎన్ని గుంటల జాగ?"

"గుంటలేంది సార్. బెంచీ. నాలుగు ఫీట్ల జాగ చాలు."

"నాలుగు ఫీట్లతోనే షురూ అయితది పెద్దమనిషీ. ముందుగాల బెంచీ అంటరు. బెంచీకి నీడ అంటరు. నీడకు షెడ్డు, షెడ్డుకు కరెంటు. కరెంటు బిల్లు పట్టుకొని కోర్టుకు పోతరు. నేను ఈ కుర్చీల కూసోని ఎంతమందిని జూసిన."

"నా భార్యకు తుంటి విరిగింది. మధ్యల కూసోవాలె. అందులనే రాసిన, సదువు."

"తుంటి సంగతి సరే. ఈ నంబరు సంగతి మా చేతుల లేదు. పంపిస్తం."

పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు. ఒకతను పల్లీలు తింటున్నాడు, పొట్టు నా అర్జీ మీద పడింది. ఊదేశాడు. నేను చూశాను.

నిజం చెప్పాలంటే వాళ్ళ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. మా చుట్టుపక్కల గజం ధర పెరిగినప్పటి నుంచి ఎవరూ ఒక జాగ గురించి ఊరికే అడగరు. నాకు తమ్ముడి వరస అయ్యేవాడు ఒకసారి మా చేను గట్టు మీదుగా ట్రాక్టరుకు బాట అడిగితే, ఇవాళ బాట, రేపు హక్కు అని నేను కూడా లెక్క వేసి ఇవ్వలేదు. కాని అతను ట్రాక్టరు కోసం అడిగాడు. నేను అడిగింది కూర్చోవడానికి.

అర్జీ చేవెళ్ల వైపు పోయిందని తెలిసింది. అక్కడికి పోయాను. ఏ ఆఫీసో, ఏ గదో ఇక్కడ రాయను. ఒక నంబరు రాసినందుకే ఇంత అయింది. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పంపారు. రెండో అర్జీ, మూడో అర్జీ ఇచ్చాను. ప్రతిసారీ ముద్ర వేసి నకలు ఇచ్చారు. ముద్ర వేయడంలో ఎవరూ ఆలస్యం చేయలేదు.

వానలు మొదలయ్యే ముందు వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"పటేలా, బండ కాడికి ఇద్దరొచ్చిన్రు. మిషిను తెచ్చిన్రు. కొలుస్తున్నరు."

బెంచీ కోసమే అనుకున్నాను. నా భార్యతో చెప్పాను. ఆమె చీర మార్చుకుంది. వద్దన్నా వినలేదు. "నేను కూసుంటే ఎంత ఎత్తు ఉండాల్నో సూపిస్త," అంది. అప్పటికే నడక తగ్గి నెలలు అయింది. బండ దాకా మధ్యలో నాలుగుసార్లు ఆగింది. వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి పని ఆపారు. వాళ్ళలో పెద్దవాడు నన్ను అడిగాడు:

"మీరేనా క్లెయిమ్ వేసింది?"

"క్లెయిమ్ ఏంది? బెంచీ అడిగిన."

"మా కాయితంల బెంచీ లేదు సార్. హద్దు చూసి రమ్మన్నరు."

నా భార్య అతనితో, "బిడ్డా, గీడ ఉండె బెంచీ. గీ గుంతలు సూడు," అని కర్రతో చూపించింది. అతను వంగి చూశాడు. మర్యాదగానే చూశాడు. అవి తన పనిలోకి రావని చెప్పి, బండ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసుకున్నాడు. ఆమెను ఆ రోజు వాచ్‌మన్ బైకు మీద గేటు దాకా దింపాడు. తుంటి మనిషిని బైకు మీద కూర్చోబెట్టకూడదని నాకు తెలుసు. ఇంకో దారి లేకపోయింది.

పది రోజులకు బండ దగ్గర ఒక బోర్డు లేచింది. ఈ స్థలం హద్దు వివాదంలో ఉన్నదని, ఇక్కడ ఎలాంటి పనీ చేయరాదని దాని మీద రాశారు. ఆ తర్వాతి వారం ఒక ట్రాలీలో ఆరు కొత్త బెంచీలు వచ్చాయి. ఏ అర్జీకీ సంబంధం లేకుండా, బాటలన్నిటికీ వేయడానికే వచ్చాయి. ఒకటి గేటు లోపలే వేశారు. రెండు కుంట దగ్గర, మూడు మిగతా బాటల్లో. వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చి నేల చూస్తూ చెప్పాడు.

"పటేలా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. ఒకటి బండ కాడనే ఎయ్యాలని రాసుండె లిస్టుల. బోర్డు జూసి పక్కకు తీసిన్రు. నువ్వు అర్జీ పెట్టకపోతే పడుతుండె."

ఆ రాత్రి భోజనం దగ్గర ఆమెకు చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. ఆమె అన్నం కలుపుతూ, "అయితే గా అర్జీ వాపస్ తీస్కో," అంది, చాలా తేలికైన సంగతిలా.

వాపస్ తీసుకోవడానికి పోతే ఒక కాగితం ఇచ్చారు. సదరు స్థలంపై నాకు గల హక్కును నేను వదులుకుంటున్నానని సంతకం పెట్టాలి. నాకు లేని హక్కును నేను ఎలా వదులుకుంటాను? పెడితే, ఇన్నాళ్ళూ అడవి జాగ మీద కన్నేశానని నా చేత్తో నేను ఒప్పుకున్నట్టే. మా వంశంలో పంచాయతీలు తీర్చినవాళ్ళున్నారు, సర్పంచులుగా చేసినవాళ్ళున్నారు. అడవి జాగ కాజేసినవాడు లేడు. రెండు వారాలు సంతకం పెట్టలేదు. ఆ రెండు వారాలు ఆమె నాతో గొడవపడలేదు. వాకిట్లో తులసికోట నుంచి గేటు దాకా, గేటు నుంచి తులసికోట దాకా కర్ర పట్టుకుని నడిచేది. ఆ శబ్దం ఇంట్లోకి వినిపించేది. ఒక రోజు ఆ శబ్దం తొందరగా ఆగిపోయింది. మర్నాడు పోయి సంతకం పెట్టాను.

బోర్డు తీశారు. నేను పార్కు ఆఫీసుకు పోయి, ఇప్పుడైనా బెంచీ వేయండని అడిగాను. అదే గుమస్తా.

"అర్జీ వాపస్ తీస్కున్నరు గద సార్. ఇగ బెంచీ ఏంది?"

"వాపస్ తీస్కున్నది జాగది. బెంచీది కాదు."

"రెండు ఒకే అర్జీల ఉండె. అర్జీ క్లోజ్ అయింది. ఇంకోటి రాస్కొని రాండ్రి."

ఇంకోటి రాశాను. ఈసారి నంబరు రాయలేదు, పాసుపుస్తకం పెట్టలేదు. రెండో నంబరు బాటలో గేటుకు, కుంటకు సరిగ్గా మధ్యన ఉన్న పెద్ద బండ అని రాశాను. ఇరవై రోజులకు అది తిరిగి ఇంటికి వచ్చింది. స్థలం గుర్తింపు స్పష్టంగా లేదు, సర్వే నంబరు తెలుపగలరు అని పక్కన రాసి ఉంది. నా బంధువుల్లో ఒకడికి రాజకీయాల్లో పలుకుబడి ఉంది. ఒక ఫోన్ చేయమని అడగడానికి అతని ఇంటికి పోయాను. ఎప్పుడో ఒక పెళ్ళిలో అతను నన్ను పలకరించకుండా పోయాడు. అది మింగి పోయాను. అతను చాయ్ ఇప్పించి, తలుపు దగ్గరికి జరిగి మెల్లగా అడిగాడు:

"అన్నా, నాకు గూడ దాస్తవా? గాడ ఎంత ఉన్నది మనకు?"

లేచి వచ్చేశాను. ఆ తర్వాత ఇంకో మూడు అర్జీలు ఇచ్చాను. ఒకటి పోస్టులో, ఒకటి చేతికి, ఒకటి సోమవారం అర్జీలు తీసుకునే చోట క్యూలో నిలబడి. వేటికీ జవాబు లేదు.

ఇప్పుడు ఉన్న సంగతి ఇది. నా భార్య పది నిమిషాలు నడవలేదు. ఆరు నిమిషాలు నడుస్తుంది, మంచి రోజైతే. గేటు లోపలి కొత్త బెంచీ దాకా వస్తుంది, కూర్చుంటుంది, బాట వైపు చూస్తుంది. బండ అక్కడి నుంచి కనిపించదు. మొన్న డేరాల దగ్గరికి పోతున్న పిల్లలు ఎవరో, కుంటకు ఎటు పోవాలని ఆమెనే అడిగారు. చాలా వివరంగా చెప్పింది. వాళ్ళు పోయాక, "ఈ యాడాది నీళ్ళు ఎంత వచ్చినయో," అంది. నువ్వు పోయి చూసి రా అని నన్ను అనలేదు. నేను పోలేదు.

నేను అన్ని కాగితాల్లోనూ బండ దగ్గర అని రాశాను. ఇవాళ బెంచీ వేసినా ఆమె దాని దాకా చేరలేదు. ఇప్పుడు బండకు ఇవతల, తునికి చెట్టు మలుపు దగ్గర అని మార్చి రాయాలి. జవాబు వచ్చేసరికి అదీ దూరమైతే, ఇంకా ఇవతలికి ఎక్కడ అని రాయాలి? ఇది చదువుతున్నవాళ్ళలో ఆ బెంచీ వేయగలవాళ్ళు ఒక్కరైనా ఉంటారు. నంబరు కావాలంటే ఇస్తాను, వద్దంటే ఇవ్వను, ఏ కాగితం మీద కావాలంటే ఆ కాగితం మీద సంతకం పెడతాను. వేస్తారా, వేయరా? వేస్తే ఏ రోజు? వేయకపోతే, వేయబోమని రాసి, కింద మీ పేరు రాసి పంపండి. ఆమె ఇంకా ఆరు నిమిషాలు నడుస్తున్నప్పుడే నాకు జవాబు చెప్పండి.